ఎడారి బల్లుల చుట్టరికాన్ని డీఎన్ఏతో తేల్చడం ఎలా? నమూనా దగ్గర్నుంచి వంశవృక్షం దాకా

ఆస్ట్రేలియా ఎడారుల్లో మోలోక్ హారిడస్ అనే ముళ్ల బల్లి ఉంది. ఒళ్లంతా ముళ్లు, బల్లపరుపు శరీరం, నెమ్మదైన నడక, తిండి చీమలు. ఉత్తర అమెరికా నైరుతి ఎడారుల్లో ఫ్రైనోసోమా అనే కొమ్ముల బల్లులున్నాయి. వాటికీ ఒళ్లంతా ముళ్లే, వాటిలో చాలా జాతులకు చీమలే ప్రధానాహారం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తల్లి బిడ్డలేమో అనిపిస్తుంది. నిజానికి మొదటిది తొండలు చేరే అగామిడే కుటుంబానిది, రెండోది ఫ్రైనోసోమాటిడే కుటుంబానిది. ఒకే రకం బతుకు రెండు ఖండాల్లో రెండు వేర్వేరు వంశాలకు ఒకే రూపం తెచ్చిపెట్టింది.

ఎడారిలో ఇది పదే పదే జరుగుతుంది. ఇసుకలో ఈదేవాటికి ఒక రూపం, రాతి చీలికల్లో దూరేవాటికి ఇంకో రూపం, తెల్లని నేలమీద తిరిగేవాటికి తెల్లని రంగు. అందుకే పోలికలు చూసి చుట్టరికం కలిపితే తప్పులో కాలేస్తాం. డీఎన్ఏ చాలావరకు ఆ తప్పు దిద్దుతుంది. అయితే ఒక్క జన్యువునే నమ్ముకుంటే అదీ మోసం చేస్తుంది. పని ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి, వచ్చిన వృక్షాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నది అడుగడుగునా చెబుతాను. ఉదాహరణలకు ఎక్కువగా యూమా ప్రజాతిని తీసుకుంటాను. కాలివేళ్లకు అంచుల్లా పొలుసులుండి, గాలికి కదిలే ఇసుక దిబ్బల మీద పరుగెత్తే బల్లులివి. మొహావీ, సొనోరా, చిహువాహువా ఎడారుల్లో ఉంటాయి.

మొదటి అడుగు: ప్రశ్నను గట్టిగా పట్టుకోవడం

"ఈ బల్లుల పరిణామ సంబంధాలు తెలుసుకోవాలి" అన్నది ప్రశ్న కాదు, కోరిక. ప్రశ్న ఇలా ఉండాలి: నదికి ఇటూ అటూ ఉన్న రెండు యూమా గుంపులు విడిపోయి ఎంత కాలమైంది? వాటి మధ్య జన్యువుల రాకపోకలు ఇంకా ఉన్నాయా? లేదా: రాతి చీలికల్లో ఉండే చదునైన బల్లులన్నీ ఒకే పూర్వీకుడి సంతతా, లేక ఆ చదును రూపం విడివిడిగా చాలాసార్లు పుట్టిందా?

ఈ రెండో ప్రశ్నకు జాంటూసియా ప్రజాతి రాత్రి బల్లులు చక్కని ఉదాహరణ. వాటిలో కొన్ని ఎడారిలో పడిపోయిన జోషువా చెట్ల మొద్దుల కింద బతుకుతాయి, కొన్ని రాతి పలకల సందుల్లో. డీఎన్ఏతో చూసినప్పుడు ఆ రాతి రూపం ఒకటికి మించి సార్లు పుట్టిందని తేలింది. ఒకే జాతి అనుకున్నదాంట్లోనే చాలా పాత శాఖలు దాగున్నాయనీ తెలిసింది.

ప్రశ్న స్థిరపడితేనే ఏ జన్యువులు, ఎన్ని చోట్ల నుంచి, ఎన్ని బల్లులు అన్నది నిర్ణయించగలం. ఇక్కడ ఒక వారం ఎక్కువ గడిపితే తర్వాత ఒక ఏడాది మిగులుతుంది.

రెండో అడుగు: నమూనాలు

ఈ పనిలో అన్నిటికన్నా విలువైనది కంప్యూటరూ కాదు, డీఎన్ఏ అక్షరాలను చదివే సీక్వెన్సింగ్ యంత్రమూ కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టిన బల్లిదో స్పష్టంగా రాసి ఉన్న చిన్న కణజాలం ముక్క. దాన్ని పాడుచేసుకుంటే తర్వాత ఏ లెక్కా కాపాడలేదు.

ముందు అనుమతులు. ఎడారి బల్లుల్లో చాలా వాటికి చట్టపరమైన రక్షణ ఉంది. కాలిఫోర్నియాలో ఉన్న కోచెల్లా లోయలోని యూమా ఇనోర్నాటా 1980 నుంచే అమెరికా సమాఖ్య చట్టం కింద ముప్పులో ఉన్న జాతి. అలాంటివాటిని తాకడానికే ప్రత్యేక అనుమతి కావాలి. అనుమతి దొరకని చోట మ్యూజియంలను అడగండి. బర్కిలీలో 1908లో మొదలైన వెన్నెముక జీవుల మ్యూజియం లాంటివి దశాబ్దాలుగా కణజాలాలను గడ్డకట్టించి దాస్తున్నాయి, సరైన ప్రశ్నతో అడిగిన పరిశోధకులకు ఇస్తున్నాయి. కొత్తగా పట్టేముందు ఆ జాబితాలు వెతకడం బల్లులకూ మేలు, మీకూ మేలు.

పట్టుకోవడానికి పొడవాటి కర్ర చివర సన్నని దారంతో జారుముడి వేస్తారు. నెమ్మదిగా దగ్గరికెళ్లి మెడమీదుగా జార్చి లాగుతారు. పొద్దున ఒళ్లు కాగబెట్టుకోవడానికి బయటికొచ్చినప్పుడు బల్లి కాస్త మందంగా ఉంటుంది, అదే మంచి సమయం. ఎండ ముదిరాక యూమా ఇసుకలోకి దూరిందంటే కళ్లముందే మాయమవుతుంది.

తోక చివర 3 నుంచి 5 మిల్లీమీటర్ల ముక్క సరిపోతుంది. చాలా బల్లులు తోకను తామే తెంపుకుంటాయి, మళ్లీ పెంచుకుంటాయి కాబట్టి దాంతో పెద్ద హాని లేదు. కొమ్ముల బల్లులు మాత్రం అలా తోక వదలవు. వాటి విషయంలో నోటి లోపలి చెంపను దూదిపుల్లతో తుడిచి తీసుకోవడం మేలు.

ముక్కను వెంటనే 95 శాతం ఇథనాల్‌లో వేయాలి. ముక్క పరిమాణానికి కనీసం పదింతల ద్రవం ఉండాలి. ఒక రోజు తర్వాత ఆ ద్రవాన్ని పారబోసి కొత్తది పోయాలి, ఎందుకంటే కణజాలంలోని నీరు దాన్ని పలచన చేస్తుంది. పేరు, సంఖ్య పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి గొట్టంలోనే వేయండి. పెన్ను సిరా ఇథనాల్‌లో కరిగిపోతుంది. మూత మీద రాసిన సంఖ్య చెరిగిపోయి నెలరోజుల శ్రమ పనికిరాకుండా పోవడం నేను కళ్లారా చూశాను. అప్పట్నుంచి లోపల కాగితం లేనిదే మూత బిగించను.

ఒక బల్లికీ ఇంకో బల్లికీ మధ్య కత్తెరను బ్లీచ్‌లో ముంచి, నీటితో కడిగి, తుడవండి. పూర్తి నమూనాను మ్యూజియం కోసం ఫార్మలిన్‌లో పెట్టాల్సి వస్తే, కణజాలం తీసుకున్నాకే పెట్టాలి. ఫార్మలిన్ డీఎన్ఏను ముక్కలు చేస్తుంది, ప్రోటీన్లతో కట్టిపడేస్తుంది.

ఎన్ని కావాలి? జాతుల మధ్య సంబంధమైతే ఒక్కో జాతికి దాని విస్తృతి అంచులనుంచి, మధ్యనుంచి కొన్ని చాలు. ఒకే జాతి లోపలి గుంపులను విడదీయాలంటే వీలైనన్ని ఎక్కువ చోట్లు కావాలి. ఒకే చోట ఇరవై పట్టేకన్నా పది చోట్ల రెండేసి పట్టడమే మేలు. రెండు చోట్ల మధ్య ఖాళీ వదిలేస్తే ఆ ఖాళీయే తర్వాత 'సరిహద్దు'గా కనపడుతుంది. ఆ జాతికి మొట్టమొదట పేరు పెట్టిన నమూనా దొరికిన చోటునుంచి కనీసం ఒకటైనా ఉండాలి. లేకపోతే మీ వృక్షంలోని ఏ శాఖకు ఆ పేరు చెందుతుందో చెప్పలేరు.

బయటి గుంపును, అంటే మీరు పరిశీలించే బల్లుల్లో చేరని బంధువులను మరవకండి. వృక్షానికి వేరు ఎక్కడుందో అదే చెబుతుంది. యూమాకు దగ్గరి బంధువులు కాలిసారస్, హోల్‌బ్రూకియా, కోఫోసారస్ అనే ఇసుక బల్లులు. వాటినీ, వాటి తర్వాత వచ్చే ఫ్రైనోసోమానూ కలిపితే వేరు నిలుస్తుంది. మరీ దూరపు బంధువును పెడితే డీఎన్ఏ అక్షరాలు (ఏ, టీ, జీ, సీ) అంతగా మారిపోయి ఉంటాయి కాబట్టి వేరు ఎక్కడపడితే అక్కడ తగులుకుంటుంది.

మూడో అడుగు: ఏ జన్యువులు?

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని డీఎన్ఏ బల్లుల్లో సుమారు 17,000 అక్షరాల గుండ్రని దారం, అందులో 37 జన్యువులు. తల్లినుంచి మాత్రమే వస్తుంది, త్వరగా మారుతుంది, ప్రతి కణంలో వందల కాపీలుంటాయి కాబట్టి పాత కణజాలం నుంచి కూడా దొరుకుతుంది. సైటోక్రోమ్ బీ, ఎన్‌డీ2, ఎన్‌డీ4 అనే జన్యువులు బల్లుల మీద ఎక్కువగా వాడినవి. సైటోక్రోమ్ బీ ఒక్కటే సుమారు 1,140 అక్షరాలు.

కేంద్రకం లోని జన్యువులు, ఉదాహరణకు ఆర్‌ఏజీ1, నెమ్మదిగా మారతాయి. పాత విభజనలకు ఇవి బాగా పనికొస్తాయి, కొత్తవాటికి వీటిలో తేడాలు చాలవు. అందుకే ఇప్పుడు ఒకటి రెండు జన్యువులతో ఆగకుండా వేలకొద్దీ చోట్లను ఒకేసారి చదువుతున్నారు. ఒకే జాతి లోపలి గుంపులకు ర్యాడ్ సీక్వెన్సింగ్ చవకైన దారి. ఎంజైములతో జన్యుపదార్థాన్ని నిర్ణీత చోట్ల కత్తిరించి ఆ అంచులను మాత్రమే చదివే పద్ధతి ఇది. ప్రజాతులూ కుటుంబాల మధ్య సంబంధాలకు, దూరపు జీవుల్లో కూడా మారకుండా మిగిలిన అల్ట్రా కన్సర్వ్‌డ్ ఎలిమెంట్ల చుట్టుపక్కల భాగాలు వాడతారు. చదివినవాటిని పోల్చుకోవడానికి దగ్గరి బంధువు పూర్తి జన్యుక్రమం ఉంటే పని సులువు. బల్లుల్లో మొట్టమొదట 2011లో వెలువడినది అనోలిస్ కరోలినెన్సిస్ జన్యుక్రమం.

నా సలహా: డబ్బు ఎంత తక్కువున్నా మైటోకాండ్రియాతో మాత్రమే ఆగకండి. ఎందుకో ఆరో అడుగులో తెలుస్తుంది.

నాలుగో అడుగు: ప్రయోగశాలలో

బియ్యపు గింజలో సగమంత ముక్క తీసి, ఇథనాల్ ఆరనిచ్చి, ప్రోటీనేజ్ కే ఎంజైముతో 56 డిగ్రీల సెల్సియస్ దగ్గర రాత్రంతా నాననివ్వాలి. పొద్దునకు ముక్క కరిగి ద్రవం తేటగా ఉండాలి. తర్వాత సిలికా గొట్టంలో పోసి కడిగి డీఎన్ఏను తీసుకుంటారు.

తర్వాత పీసీఆర్, అంటే కావలసిన జన్యువు కాపీలను పెంచడం. అందులో 95 డిగ్రీల దగ్గర డీఎన్ఏ రెండు పోగులూ విడిపోతాయి, 50 డిగ్రీల చుట్టుపక్కల ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) అతుక్కుంటాయి, 72 దగ్గర కొత్త పోగు పెరుగుతుంది. ఇలా 35 చుట్లు. ప్రతిసారీ డీఎన్ఏ వేయని ఒక గొట్టాన్ని కూడా నడపండి. డీఎన్ఏను గీతలుగా చూపే జెల్ మీద ఆ ఖాళీ గొట్టానికి గీత కనపడిందంటే ఎక్కడో కలుషితమైంది. ఆ రోజు పని అంతా పక్కన పెట్టాల్సిందే, ఎంత బాధనిపించినా.

ఐదో అడుగు: అక్షరాలను శుభ్రం చేసి వరుస పెట్టడం

ఒక్కో ముక్కను విడిగా చదివే సాంగర్ పద్ధతిలో ఒక చదువుకు 700 నుంచి 900 అక్షరాలు వస్తాయి. రంగురంగుల శిఖరాలుగా కనిపిస్తాయి. మొదటి 30, 40 అక్షరాలూ చివరివీ గజిబిజిగా ఉంటాయి, కోసేయండి. రెండు వైపులనుంచీ చదివి సరిపోల్చండి. కేంద్రకం జన్యువులో ఒకే చోట రెండు శిఖరాలు సమాన ఎత్తులో ఉంటే అది తప్పు కాకపోవచ్చు. తల్లినుంచి ఒక అక్షరం, తండ్రినుంచి ఇంకోటి వచ్చి ఉండొచ్చు.

తర్వాత ప్రోటీన్‌గా అనువదించి చూడాలి. ఇక్కడ చాలామంది ఒకే చోట తడబడతారు. ఏ మూడక్షరాలు ఏ అమైనో ఆమ్లాన్ని ఇస్తాయో చెప్పే సంకేతపట్టిక మైటోకాండ్రియాకు వేరు. మామూలు పట్టికలో టీజీఏ అంటే ఆపేయమని అర్థం. వెన్నెముక జీవుల మైటోకాండ్రియాలో అదే టీజీఏ ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. అటువైపు, మామూలు పట్టికలో ఆర్జినిన్‌ను ఇచ్చే ఏజీఏ, ఏజీజీ ఇక్కడ ఆపేసే సంకేతాలు. సాఫ్ట్‌వేర్‌లో వెన్నెముక జీవుల మైటోకాండ్రియా పట్టికను ఎంచుకోకపోతే మంచి సీక్వెన్సు కూడా మధ్యలో పదిచోట్ల ఆగిపోయినట్టు కనిపించి కంగారు పెడుతుంది.

సరైన పట్టిక పెట్టాక కూడా మధ్యలో ఆపే సంకేతం వచ్చిందనుకోండి, లేదా ఒక్క అక్షరం లోపించి చదువు వరుస తప్పిందనుకోండి. అప్పుడు మీ చేతిలో ఉన్నది బహుశా అసలు మైటోకాండ్రియా జన్యువు కాదు. ఎప్పుడో కేంద్రకంలోకి వలసపోయి పని మానేసిన దాని పాత నకలు. దాన్ని వృక్షంలో పెడితే ఆ బల్లి లేనిపోని పురాతన శాఖగా తేలుతుంది. అలాంటి 'కొత్త జాతి' కనపడగానే ముందు ఈ అనుమానం తీర్చుకోండి.

అందరి సీక్వెన్సులూ దాచే జెన్‌బ్యాంక్ అనే బహిరంగ భాండాగారంలో, పోలిన సీక్వెన్సులను వెతికే బ్లాస్ట్ వెతుకులాట కూడా చేయండి. మీ సీక్వెన్సు మనిషిదో బాక్టీరియాదో అని తేలడం అరుదేమీ కాదు. అంతా సరిగా ఉంటే మాఫ్ట్ లేదా మజిల్ లాంటి ప్రోగ్రాంతో వరుస పెట్టండి, అంటే అన్ని బల్లుల్లోనూ ఒకే చోటికి చెందిన అక్షరాలు ఒకే నిలువు వరుసలోకి వచ్చేలా సర్దండి. ఆ వరుసను కళ్లతో ఒకసారి చూడకుండా ముందుకెళ్లకండి.

ఆరో అడుగు: వృక్షం కట్టడం

రెండు బల్లుల మధ్య ఎన్ని అక్షరాలు తేడా ఉన్నాయో లెక్కపెడితే చాలదా? చాలదు. 'ఏ' అనే అక్షరం మారి 'జీ' అయి, మళ్లీ 'ఏ' అయిందనుకోండి. రెండు మార్పులు జరిగాయి, మనకు ఒక్కటీ కనపడదు. మైటోకాండ్రియా జన్యువుల్లో మూడక్షరాల సంకేతంలోని మూడో చోటు ఇలా మార్పు మీద మార్పుతో త్వరగా నిండిపోతుంది. అందుకే కనపడని మార్పులను అంచనా కట్టే గణిత నమూనాలు (మోడల్స్) కావాలి. 1969 నాటి జ్యూక్స్-కాంటర్ నమూనా అన్ని మార్పులూ సమానమే అనుకుంటుంది. 1980లో కిమురా రెండు రకాల మార్పులకు వేర్వేరు వేగాలిచ్చారు. ఇప్పుడు ఎక్కువగా వాడే జీటీఆర్ ప్రతి జంటకూ వేరే వేగం ఇస్తుంది. సంకేతంలోని మొదటి, రెండో, మూడో చోట్లను విడగొట్టి ఒక్కోదానికి ఏ గణిత నమూనా నప్పుతుందో, వృక్షాలు కట్టే ఐక్యూ-ట్రీ ప్రోగ్రాంలోని మోడల్ ఫైండర్‌తోనే తేల్చుకోవచ్చు.

వృక్షాన్ని కనీసం రెండు దారుల్లో కట్టండి. ఐక్యూ-ట్రీ, ర్యాక్స్‌ఎంఎల్ ప్రోగ్రాంలు గరిష్ఠ సంభావ్యత పద్ధతిలో, అంటే మీ అక్షరాలకు అన్నిటికన్నా బాగా నప్పే ఒక్క వృక్షాన్ని వెతుకుతూ పనిచేస్తాయి. మిస్టర్ బేయస్, బీస్ట్ ప్రోగ్రాంలు బేయీసియన్ పద్ధతిలో, అంటే చాలా వృక్షాలను ఏరుతూ ఒక్కో కొమ్మ నిజమయ్యే సంభావ్యతను లెక్కిస్తాయి. మొదటి దారిలో కొమ్మ బలాన్ని బూట్‌స్ట్రాప్ చెబుతుంది. ఫెల్సెన్‌స్టైన్ 1985లో ప్రవేశపెట్టిన పద్ధతిది. ఉన్న అక్షరాలను మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఏరి, 1,000 సార్లు వృక్షం కట్టి, ఎన్నిసార్లు అదే కొమ్మ వచ్చిందో లెక్కపెడుతుంది. రెండో దారిలో 0.95 దాటిన సంభావ్యత ఉన్న కొమ్మలను నిలబడ్డవిగా చూస్తారు. ఆ లెక్క సరిగా కుదిరిందా అన్నది ట్రేసర్ అనే ప్రోగ్రాంలో చూడాలి. ప్రతి విలువకూ ఈఎస్‌ఎస్ (ఒకదాని మీద ఒకటి ఆధారపడని అంచనాలు ఎన్ని వచ్చాయో చెప్పే అంకె) 200 దాటకపోతే ఇంకా నడపాలి.

ఇప్పుడు అసలు చిక్కు. మైటోకాండ్రియా ఇచ్చిన వృక్షం ఒక జన్యువు చరిత్ర. జాతి చరిత్ర దాంతో కలవొచ్చు, కలవకపోవచ్చు. రెండు కారణాలు. ఒకటి, జాతులు వెంటవెంటనే విడిపోయినప్పుడు పూర్వీకుల్లో ఉన్న రకరకాల జన్యురూపాలు యాదృచ్ఛికంగా పంచుకుపోతాయి. దాయాదులు ఆస్తి పంచుకున్నప్పుడు పెద్దన్న దగ్గరున్న చెంబు చిన్నవాడి ఇంట్లో తేలినట్టు. రెండు, పక్క జాతితో ఎప్పుడో జరిగిన సంకరం వల్ల ఆ జాతి మైటోకాండ్రియా మొత్తం వచ్చి ఇక్కడ పాతుకుపోవచ్చు. ఒంట్లో మిగతా జన్యువులన్నీ ఒక కథ చెబుతుంటే అదొక్కటే ఇంకో కథ చెబుతుంది.

కొమ్ముల బల్లుల్లో ఇలాగే అయింది. 2006లో ఆడమ్ లీషే, జిమ్మీ మెక్‌గ్వైర్ ఫ్రైనోసోమా మీద కేంద్రకం జన్యువులనూ మైటోకాండ్రియానూ పోల్చి చూసి, మైటోకాండ్రియా వృక్షం తప్పుదారి పట్టిస్తోందని చూపించారు.

అందుకే ప్రతి జన్యువుకూ విడిగా వృక్షం కట్టి, వాటినుంచి ఆస్ట్రల్ లాంటి ప్రోగ్రాంతో జాతి వృక్షం రాబట్టండి. వేల జన్యువులను ఒకే దారంగా కుట్టి వృక్షం కడితే దాదాపు ప్రతి కొమ్మకూ బూట్‌స్ట్రాప్ 100 వస్తుంది, ఆ అంకె చూసి పొంగిపోకండి. ఎన్ని జన్యువులు నిజంగా ఆ కొమ్మను ఒప్పుకుంటున్నాయో ఐక్యూ-ట్రీలో సమ్మతి విలువలు తీసి చూడండి. బూట్‌స్ట్రాప్ 100 ఉన్న కొమ్మను సగం జన్యువులు కూడా సమర్థించని సందర్భాలు చాలా ఉంటాయి.

కొన్ని బల్లుల చరిత్రకు వృక్షం ఆకారమే సరిపోదు. ఆస్పిడోసెలిస్ ప్రజాతి విప్‌టెయిల్ బల్లుల్లో మగవి లేని జాతులున్నాయి, ఆడవి తమంతట తామే గుడ్లు పెట్టి పిల్లలను కంటాయి. అవి రెండు వేర్వేరు జాతుల సంకరం వల్ల పుట్టినవి, అంటే వాటికి తల్లివైపు ఒక కొమ్మ, తండ్రివైపు ఇంకో కొమ్మ. 1979లోనే మైటోకాండ్రియా డీఎన్ఏతో వాటి తల్లి జాతి ఏదో గుర్తించారు. ఇక్కడ తల్లినుంచే రావడం అన్న మైటోకాండ్రియా లక్షణమే పెద్ద సాయమైంది.

ఏడో అడుగు: జాతులా, గుంపులా?

స్ట్రక్చర్ లాంటి ప్రోగ్రాంలు మీ బల్లులను ఇన్ని గుంపులని విడగొట్టి ఇస్తాయి. ప్రతి గుంపూ ఒక జాతి అనుకోకండి. దూరం పెరిగేకొద్దీ జన్యువులు మెల్లగా మారే ఒకే జాతిని కూడా అవి ముక్కలుగా చూపిస్తాయి. భౌగోళిక దూరానికీ జన్యు దూరానికీ గీత గీసి చూడండి. తేడా అంతా ఆ గీత మీదే ఉంటే సరిహద్దు లేదు. పక్కపక్కనే ఉన్న రెండు చోట్ల మధ్య హఠాత్తుగా దూకితే, అక్కడ ఏదో ఉంది. ఆ చోటికే మళ్లీ వెళ్లి ఇంకా నమూనాలు తేవాలి.

యూమాలో ఈ పని ఓపికగా జరిగింది. కొలరాడో ఎడారిలోని యూమా నొటాటా గుంపును ఏళ్లతరబడి పరిశీలించాక, చూపుకు తేడా తెలియకపోయినా జన్యుపరంగా విడిపోయిన ఒక జాతిని 2020లో ఆరిజోనాలోని మొహాక్ దిబ్బల నుంచి వర్ణించారు. దాని పేరు యూమా థర్మానే.

ఇంకో మాట రంగు గురించి. న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ జిప్సం దిబ్బలమీద మూడు వేర్వేరు వంశాల బల్లులు తెల్లబడ్డాయి. ఆ దిబ్బల వయసు సుమారు 10,000 సంవత్సరాల లోపే. వాటిలో రెండింటి తెల్లదనానికి ఎంసీ1ఆర్ అనే ఒకే జన్యువులోని మార్పులు కారణమని తేలింది, అయితే ఆ మార్పులు వేర్వేరు. ఒక్క అమైనో ఆమ్లం మారితే ఒళ్లు రంగే మారిపోయే చోట, రంగును చూసి జాతిని విడగొట్టకూడదు.

ఎనిమిదో అడుగు: కాలం లెక్క

బల్లుల మైటోకాండ్రియాకు తరచూ వాడే వేగం, రెండు శాఖల మధ్య పది లక్షల ఏళ్లకు సుమారు 1.3 శాతం తేడా. రెండు గుంపుల మధ్య 1,000 అక్షరాలకు 52 తేడాలున్నాయనుకోండి, అంటే 5.2 శాతం. భాగిస్తే 40 లక్షల ఏళ్లు. కానీ విడిపోయే ముందే పూర్వీకుల్లో కొంత తేడా ఉండి ఉంటుంది. ఇప్పటి ఒక్కో గుంపు లోపల సగటు తేడా 1.3 శాతమైతే దాన్ని తీసేయాలి. మిగిలేది 3.9, అంటే 30 లక్షల ఏళ్లు. ఒక్క చిన్న తీసివేతతో పది లక్షల ఏళ్లు తగ్గాయి.

ఆ 1.3 శాతం కూడా అగామిడే బల్లుల ఎన్‌డీ2, దాని పక్క భాగాల నుంచి వచ్చిన అంకె. వేరే జన్యువుకు, వేరే కుటుంబానికి అలాగే అంటగడితే తప్పొస్తుంది. శిలాజాలు దొరికితే వాటితో బీస్ట్‌లో వృక్షాన్ని కట్టండి, వచ్చిన కాలాన్ని ఒక్క అంకెగా కాక పరిధిగా రాయండి. అప్పుడు భూగర్భ చరిత్రతో పోల్చండి. కొలరాడో నది కాలిఫోర్నియా సింధుశాఖకు చేరి సుమారు 50 లక్షల ఏళ్లయింది. మీ పరిధి 10 నుంచి 20 లక్షల ఏళ్ల మధ్య ఉంటే, నది పుట్టుకే ఆ బల్లులను విడదీసిందని రాయలేరు.

తొమ్మిదో అడుగు: ఇతరులు మళ్లీ చూడగలిగేలా దాచడం

సీక్వెన్సులను జెన్‌బ్యాంక్‌లో చేర్చి ప్రతిదానికీ మ్యూజియం నమూనా సంఖ్య జతచేయండి. వరుస పెట్టిన ఫైలు, వాడిన ప్రోగ్రాం వెర్షన్, ఆదేశాలు, వృక్షం ఫైలు అన్నీ బహిరంగ భాండాగారంలో పెట్టండి. పదేళ్ల తర్వాత జాతి పేర్లు మారిపోయినా, మ్యూజియంలోని ఆ బల్లిని మళ్లీ తీసి చూసి ఎవరైనా మీ పనిని సరిచేయగలరు. ముప్పులో ఉన్న జాతులైతే పట్టిన చోటి అక్షాంశ రేఖాంశాలను పూర్తి దశాంశాలతో బయటపెట్టకండి. దొంగతనంగా పట్టి అమ్మేవాళ్లు ఆ పట్టికలు చదువుతారు. కచ్చితమైన అంకెలు మ్యూజియం దగ్గర ఉంచి, పత్రంలో దిబ్బ పేరు మాత్రం రాయండి.